ఎర్ర దొరకని మట్టి

నిరుడు ఆరుద్ర కార్తెలో దాచేపల్లిలో మంచి వాన పడింది. మరునాడు తొమ్మిదో తరగతికి పాఠం మొదలుపెట్టబోతూంటే ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, మా దొడ్లో ఒక పక్కన తవ్వితే ఎర్రలు పడతాయి, ఇంకో పక్కన ఎంత తవ్వినా పడవు. ఎందుకని?" అని అడిగింది.

ఎర్రలంటే వానపాములే. పుస్తకంలో ఉన్నప్పుడు వానపాము, గాలం వేసేవాడి చేతిలో ఉన్నప్పుడు ఎర్ర. నిజానికి ఈ సంగతి కనిపెట్టింది ఆ అమ్మాయి కాదు, ఆరో తరగతి చదివే ఆమె తమ్ముడు. వాడికి చదువుకంటే నాగులేట్లో గాలం వేయడం ఇష్టం. ఎర్రల కోసం దొడ్డంతా తవ్వాడు. బావి పక్కన తట్టెడు మట్టిలో నాలుగైదు దొరికాయట. రోడ్డు వైపు గోడ పక్కన మాత్రం ఒక్కటీ లేదు. ఆ గోడకు అవతల లారీ బ్యాటరీలు బాగుచేసే చిన్న షెడ్డు ఉంది. గోడకు ఇవతల వాళ్ళమ్మ తోటకూర, గోంగూర మళ్ళు వేసుకుంటుంది.

పిల్లలు అడిగే ప్రశ్నల్లో చాలావాటికి పుస్తకంలో జవాబు ఉంటుంది. దీనికి లేదు. సాయంత్రం బడి వదిలాక వెళ్ళి చూశాను. రెండు పక్కలా ఒకే నల్లమట్టి, ఒకే వాన, ఒకే పశువుల ఎరువు. తేడా ఒక్కటే. విప్పిన బ్యాటరీల్లోని ఆసిడ్డునూ, అడుగున పేరుకున్న బూడిదరంగు మడ్డినీ ఏళ్ళ తరబడి గోడ పక్కనే పారబోస్తున్నారు. వాన పడితే ఆ నీరు గోడ కింది తూములోంచి దొడ్లోకి వస్తోంది. బ్యాటరీ పలకలు సీసంతో చేసినవి. కాబట్టి ఆ మడ్డిలో ఉన్నదీ సీసమే.

అయితే ఎర్రలు లేకపోవడానికి కారణం సీసమేనా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి మాకు రెండు నెలలు పట్టింది. ఆ కథ చెప్పేముందు కొన్ని సంగతులు మీకు తెలియాలి.

భారలోహాలు

ఘన సెంటీమీటరుకు సుమారు 5 గ్రాములకు మించి తూగే లోహాలను వాడుకలో భారలోహాలంటారు. అల్యూమినియం 2.7 గ్రాములే తూగుతుంది. జింకు 7.1, కాడ్మియం 8.65, రాగి 8.96, సీసం 11.34, పాదరసం 13.5. ఆర్సెనిక్ అచ్చమైన లోహం కాకపోయినా దాని బుద్ధి కూడా ఇలాంటిదే కనుక దాన్నీ ఈ జాబితాలోనే చేరుస్తారు.

ఈ లోహాలన్నీ విషాలేనని అనుకోకండి. రాగి, జింకు ఒంటికి కొద్దిగా కావాలి. మన నల్లరేగళ్ళలో జింకు చాలక పైరు పాలిపోతే రైతులు జింకు సల్ఫేటు చల్లడం మీరు చూసే ఉంటారు. ఎక్కువైతేనే ముప్పు. సీసం, కాడ్మియం, పాదరసాలతో మాత్రం మన శరీరానికి ఏ పనీ లేదు. ముఖ్యంగా సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత వరకు ఫరవాలేదు అని చెప్పదగిన హద్దు దానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది.

ఇంకో చిక్కు ఉంది. పురుగుమందును సూక్ష్మజీవులు నెమ్మదిగానైనా విడగొడతాయి. లోహం మూలకం కదా, దాన్ని ఏ సూక్ష్మజీవీ విడగొట్టలేదు. ఒకసారి మట్టిలో చేరిన సీసం మన మనవల కాలానికీ అక్కడే ఉంటుంది.

మిరప తోటల్లో కొమ్మ ఎండు తెగులుకు, కాయకుళ్ళుకు కాపర్ ఆక్సీక్లోరైడ్ పిచికారీ చేస్తారు. అందులో రాగి ఉంది. ఫ్రాన్సులో 1885లో మిలార్డే అనే ఆయన మైలుతుత్తం, సున్నం కలిపి ద్రాక్ష తెగులుకు మందు కనిపెట్టాడు. అదే బోర్డో మిశ్రమం. నూరేళ్ళకు పైగా దాన్ని కొట్టిన యూరపు ద్రాక్షతోటల మట్టిలో ఇప్పుడు రాగి పేరుకుపోయి ఉంది. చెట్టుకు వేసిన మందు చివరకు చేరేది చెట్టు కిందికే.

ఎంత ఉంది? ఎంత అంటుతుంది?

మట్టిలో సీసం ఎంత ఉందో తెలుసుకోవాలంటే మట్టిని గాఢ ఆమ్లంలో కాచి, ఆ ద్రావణాన్ని అటామిక్ అబ్జార్ప్షన్ స్పెక్ట్రోమీటరు అనే యంత్రంలో పరీక్షిస్తారు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు, కాటేదాన్ పారిశ్రామికవాడల మట్టిని యంత్రాలతో పరీక్షించి భారలోహాల లెక్కలు ప్రకటించారు.

అలాంటి లెక్క కిలో మట్టిలో ఎన్ని మిల్లీగ్రాములున్నాయో చెబుతుంది. అందులో ఎంత భాగం ప్రాణుల ఒంట్లోకి వెళ్ళగలదో చెప్పదు. పల్నాటి నేలలో సున్నపురాయి ఉంది. నల్లమట్టిలో జిగురు బంకమన్ను ఉంది. సున్నం, బంకమన్ను కలిసి లోహాన్ని గట్టిగా పట్టి ఉంచుతాయి. పులుపుదనం ఉన్న ఎర్ర ఇసుక నేలలో అంతే లోహం వేస్తే, అది నీటిలో కరిగి వేళ్ళకూ పురుగులకూ తేలిగ్గా అందుతుంది. యంత్రానికి రెండు మట్టులూ ఒకటే, మట్టిలో బతికే ప్రాణికి మాత్రం కాదు.

అందుకే శాస్త్రజ్ఞులు యంత్రంతోపాటు వానపామునూ సాక్షిగా పిలుస్తారు. దానికి చెవులు లేవు, కళ్ళు లేవు. ఊపిరితిత్తులు కూడా లేవు, తడి చర్మంతోనే గాలి పీలుస్తుంది. తడిలో కరిగిన లోహం ఆ చర్మం గుండానే లోపలికి పోతుంది. పైగా అది మట్టినే తింటుంది. ఇంగ్లండులో చాలా చోట్ల ఎకరానికి ఏటా 10 టన్నులకు పైగా మట్టి వానపాముల కడుపులోంచి వెళ్ళి పైకి వస్తుందని డార్విన్ 1881లో అచ్చువేసిన పుస్తకంలో లెక్కకట్టాడు. బయటా లోపలా ఇంతగా మట్టితో పెనవేసుకున్న ప్రాణి మరొకటి ఏముంది?

దాని ఒంట్లో చేరిన లోహం ఏమవుతుంది? పేగు చుట్టూ పసుపుపచ్చని కణాల పొర ఉంటుంది. ఆ కణాలు సీసాన్ని ఫాస్ఫేటుతో కలిపి గుళికలుగా కట్టి దాచేస్తాయి. కాడ్మియాన్ని గంధకం ఎక్కువగా ఉన్న మెటల్లోథయొనీన్ అనే మాంసకృత్తు పట్టి బంధిస్తుంది. ఇంట్లో దొంగ దూరితే గదిలో పెట్టి గొళ్ళెం వేయడం లాంటిదన్నమాట. గదులు నిండిపోతేనే కష్టం. సాధారణంగా కాడ్మియం మట్టిలో కంటే వానపాము ఒంట్లోనే ఎక్కువ చిక్కదనంలో ఉంటుంది. సీసం అలా కాదు, మట్టిలో కంటే ఒంట్లో తక్కువే ఉంటుంది. ఆ వానపామును గోరింక తింటే? గొళ్ళెం వేసిన గది తాళంతో సహా గోరింక కడుపులోకి వెళుతుంది.

మా తొట్టి ప్రయోగం

ఏ మట్టి నచ్చిందో వానపామునే అడగడానికి ఒక పద్ధతి ఉంది. 2008లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ దీన్ని ప్రామాణిక పరీక్షగా ప్రకటించింది. మేము బడిలో ఉన్న సరంజామాతోనే చేశాం.

ఒక ప్లాస్టిక్ తొట్టి మధ్యలో అట్టముక్క నిలబెట్టి ఒక పక్క బావి దగ్గరి మట్టి, రెండో పక్క గోడ దగ్గరి మట్టి సమానంగా పోశాం. రెంటికీ ఒకే కొలతతో నీళ్ళు, చిటికెడు మాగిన పేడ కలిపాం. అట్ట తీసేసి, సరిహద్దు గీత మీద పది వానపాములు వదిలి, చిల్లులున్న మూత పెట్టాం. 48 గంటల తర్వాత మళ్ళీ అట్ట దించి రెండు పక్కలా లెక్కపెట్టాలి. నూటికి ఎనభైకి పైగా వానపాములు ఒక మట్టిని వదిలిపోతే ఆ మట్టి కాపురానికి పనికిరాదని లెక్క.

వానపాములు ఎక్కడివంటారా? వర్మీకంపోస్టు చేసే రైతు దగ్గర అడిగి తెచ్చాం. ఆ గుంటల్లో పెంచే ఎర్రటి చిన్నరకం పేరు ఐసీనియా ఫెటిడా. ప్రపంచమంతా ప్రయోగశాలల్లో వాడేదీ అదే. 1984లో వచ్చిన ఓ.ఇ.సి.డి. పరీక్షలోనూ దాన్నే వాడమన్నారు.

మొదటిసారి ఎనిమిది పాములు బావి మట్టిలోకి చేరాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ సంతోషించాను. అప్పుడు ఒక కుర్రవాడు, "రెండు పక్కలా బావి మట్టే పోసి చూద్దాం మాస్టారూ" అన్నాడు. నేను ముందే చెప్పవలసిన మాట అది. అలాగే చేశాం. అప్పుడూ ఎనిమిది ఒకే పక్కకు చేరాయి! తొట్టిని కిటికీ దగ్గర పెట్టాం. ఎండ పడని పక్కకు పోయాయి పాపం. ముప్పై ఏళ్ళుగా సైన్సు చెబుతూ నేను చేసిన పొరపాటిది.

తొట్టిని చీకటి గదిలోకి మార్చాం. రెండు పక్కలా బావి మట్టే ఉన్నప్పుడు ఒకసారి అయిదూ అయిదు, ఇంకోసారి ఆరూ నాలుగు వచ్చాయి. గోడ మట్టితో మూడుసార్లు చేశాం. రెండుసార్లు తొమ్మిది, ఒకసారి పదికి పదీ బావి పక్కకే పోయాయి.

మరి అది ఆసిడ్డు వల్ల కావచ్చు కదా? గోడ మట్టిని నీళ్ళలో కలిపి నీలి లిట్మస్ కాగితం ముంచాం. ఎర్రబడలేదు. మన మట్టిలోని సున్నం ఆసిడ్డును ఎప్పుడో విరిచేసింది. గోడకు అవతల, మడ్డి పారబోసే చోటి మట్టి మాత్రం కాగితాన్ని ఎర్రగా మార్చింది. కాబట్టి దొడ్లో ఎర్రలు లేకపోవడానికి పులుపు కారణం కాదు. లారీ ఇంజను ఆయిలు కావచ్చునా? కావచ్చు. వానపాము "ఇక్కడ ఉండలేను" అని మాత్రమే చెబుతుంది. ఎవరివల్లో చెప్పదు. పేరు చెప్పవలసింది యంత్రమే.

ఇంకో పొరపాటు కూడా ఒప్పుకోవాలి. మొదటి రోజు ఆ మట్టిని పిల్లల చేత ఒట్టి చేతులతో ఎత్తించాను. అలా చేయించకూడదు. మీరెవరూ బ్యాటరీ షెడ్డుల దగ్గర, ఫ్యాక్టరీ కాలువల దగ్గర మట్టి తీయకండి. ఇలాంటి పరీక్ష చేయాలనిపిస్తే మీ మాస్టారి సాయంతో, బడి ప్రయోగశాలలోని మైలుతుత్తం రవ్వంత కరిగించి మంచి మట్టిలో కలిపి చేయండి. చేతితొడుగులు వేసుకోండి, తర్వాత సబ్బుతో కడుక్కోండి. గోడ మట్టిని రుచి చూసిన ఆ పాములను మేము తిరిగి వర్మీకంపోస్టు గుంటలో వేయలేదు.

బతికి ఉంటే చాలదు

చావడం ఒక్కటే విషానికి గుర్తు కాదు. 1994లో ఇంగ్లండులో స్పర్జన్, హాప్కిన్, జోన్స్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఐసీనియా పాములను రకరకాల మోతాదుల్లో లోహాలు కలిపిన మట్టిలో పెంచారు. కిలో మట్టికి సుమారు 555 మిల్లీగ్రాముల రాగి ఉంటే సగం పాములు చచ్చాయి. కానీ అవి పెట్టే గుడ్లసంచులు సగానికి తగ్గడానికి సుమారు 53 మిల్లీగ్రాములే చాలాయి. అంటే పదో వంతు! పెద్ద పాములన్నీ హాయిగా తిరుగుతూనే ఉంటాయి, ఇంట్లో పిల్లలు మాత్రం ఉండరు. సీసం సంగతి వేరు. గుడ్లు సగం కావడానికే సుమారు 1,940 మిల్లీగ్రాములు పట్టింది, చావడానికి 3,760.

ఈ ఆఖరి లెక్క చదివి నాకు గుండె జారింది. మామూలు నేలల్లో సీసం కిలోకు కొన్ని పదుల మిల్లీగ్రాములకు మించదు. వానపాము గగ్గోలు పెట్టడానికి వేలు కావాలంటే, దాని అర్థం ఏమిటి? వానపాము లేని చోట సీసం చాలా చాలా ఉండవచ్చు. వానపాము ఉన్న చోట కూడా, దానికి బాధలేనంత, కానీ పసిపిల్లకు హాని చేసేంత సీసం ఉండవచ్చు. మేము గోడ పక్కనే చూస్తూ, ఎర్రలున్న మధ్య మళ్ళను నమ్మేశాం.

ఇంగ్లండులో డెవన్ గ్రేట్ కన్సోల్స్ అనే పాత గని ఉంది. ఆర్సెనిక్ నిండిన అక్కడి మట్టిలో కూడా వానపాములు బతుకుతున్నాయి. తరతరాలుగా అక్కడే ఉండి తట్టుకునే శక్తి సంపాదించాయని పరీక్షల్లో తేలింది. అందుకే పరీక్షకు ఊరి పామును కాక బయటి పామును తేవాలి. అలవాటు పడినవాడి సాక్ష్యం చెల్లదు.

అదే ఇంగ్లండులో బ్రిస్టల్ దగ్గర ఏవన్‌మౌత్ అనే చోట జింకు, సీసం, కాడ్మియం కరిగించే కర్మాగారం 2003 వరకు నడిచింది. దానికి దగ్గరయ్యేకొద్దీ వానపాములు తగ్గి, మరీ దగ్గరలో అసలు లేకుండా పోయాయి. అక్కడి చెట్ల కింద రాలిన ఆకు కుళ్ళక దిండులా పేరుకుపోయింది. తినే పురుగులు, కుళ్ళబెట్టే బూజులు లేకపోతే ఆకు మట్టి కాదు.

మిగతా సాక్షులు

మట్టిలో వానపాము ఒక్కటే లేదు. వాన పడగానే ఇసుకలో ఎర్ర మఖమలులా మెరిసే ఆరుద్ర పురుగు ఉంది, ముట్టుకుంటే చుట్టచుట్టుకునే రోకలిబండ ఉంది, ఆవగింజలో సగం కూడా లేని కొలెంబోలా ఉంది. ఈ కొలెంబోలాకు కడుపు కింద స్ప్రింగు లాంటి తోక ఉంటుంది, దాన్ని నేలకు కొట్టి ఎగురుతుంది. ఫోల్సోమియా కాండిడా అనే తెల్లరకాన్ని పరీక్షల్లో వాడతారు. దాన్ని చూడాలంటే ప్లాస్టిక్ సీసాను సగానికి కోసి, పైభాగాన్ని గరాటులా తిరగేసి, వలగుడ్డ మీద మట్టి పోసి, పైన చిన్న బల్బు వెలిగించండి. వేడికి మట్టి పైనుంచి ఎండుతుంది, పురుగులు కిందికి దిగి నీళ్ళ గిన్నెలో పడతాయి. 1905లో ఇటలీలో బెర్లేసె ఈ గరాటును తయారుచేశాడు, స్వీడనులో టుల్‌గ్రెన్ దానికి బల్బు జోడించాడు.

మినుము మొక్కను వేళ్ళతో సహా మెల్లగా పీకి, వేరు మీది బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే అందులోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తున్నదన్నమాట. ఇంగ్లండులో వోబర్న్ అనే చోట 1942 నుంచి 1961 వరకు మురుగు మడ్డి వేసిన పొలంలో, లోహాలు పేరుకున్నందువల్ల క్లోవరు మొక్కల బుడిపెలు ఉన్నా నత్రజని పట్టలేకపోయాయని 1980లలో బయటపడింది. మడ్డి వేయడం మానిన ఇరవై ఏళ్ళ తర్వాత!

మన దగ్గర మట్టి జీవులను లోహాల జాడకు వాడింది మొదట గనుల కోసం. వరాహమిహిరుడు బృహత్సంహితలో పుట్టలను చూసి నీటి జాడ చెప్పవచ్చన్నాడు. తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలోని భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇ.ఎ.వి. ప్రసాద్ ఆ మాటను పట్టుకుని, చెదలు లోతునుంచి తెచ్చిన పుట్టమట్టిని పరీక్షిస్తే అడుగున ఏ ఖనిజం ఉందో తెలుస్తుందని 1980లలో పరిశోధన వ్యాసాలు రాశారు. మన పల్నాట్లోనే, వినుకొండ దగ్గర అగ్నిగుండాల ప్రాంతంలో భూమి తానే సీసం, రాగి దాచుకుంది. బండలమోటు దగ్గర హిందుస్థాన్ జింక్ సంస్థ కొన్నేళ్ళు సీసపు ఖనిజం తవ్వి తీసింది, తర్వాత గని మూతపడింది. మట్టిలో సీసం కనబడగానే ఎవరో పోశారనే తీర్పు చెప్పకూడదు. భూమి ఇచ్చినదెంత, మనిషి కలిపినదెంత అన్నది పక్క మట్టితో పోల్చి చూడవలసిందే.

మా దొడ్డి లెక్క

గుంటూరులో పైచదువు చదువుతున్న పాత విద్యార్థి ద్వారా మూడు పొట్లాల మట్టి పరీక్షకు పంపాను. ఒకటి బావి పక్కది, ఒకటి గోడ పక్కది, ఒకటి మధ్య మళ్ళది. బావి మట్టి మామూలుగానే ఉంది. గోడ మట్టిలో సీసం దానికి ఎన్నో రెట్లు ఉంది. ఎర్రలు నిక్షేపంగా తిరుగుతున్న మధ్య మడిలో కూడా బావి మట్టికి కొన్ని రెట్లు ఉంది. ఆ మడిలోనే గోంగూర.

ఆ తల్లికి చెప్పడం కష్టమైంది. "ఎర్రలున్న మట్టి మంచిదంటారు కదా మాస్టారూ" అంది. అంటాం. పాడిపంటల పుస్తకాల్లోనూ అలాగే రాస్తారు. ఎరువు విషయంలో అది నిజమే. సీసం విషయంలో కాదని వివరించాను. గోడ నుంచి మధ్య మడి దాకా కూరలు మానేసి బంతి, కనకాంబరం వేసింది. ఆకుకూరలు బావి పక్కకు మార్చింది. తమ్ముణ్ణి గుంటూరు తీసుకెళ్ళి రక్తంలో సీసం పరీక్ష చేయించమన్నాను, చేయించారు. డాక్టరు మళ్ళీ ఆర్నెల్లకు రమ్మన్నాడు.

షెడ్డు యజమానితోనూ మాట్లాడాను. మంచివాడే. "పాతికేళ్ళుగా ఇక్కడే అన్నం తింటున్నాను మాస్టారూ, నాకేమయింది?" అన్నాడు. పాత బ్యాటరీలు ఎక్కడ పడితే అక్కడ విప్పకూడదని 2001లోనే నిబంధనలు వచ్చాయి, 2022లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. అవి చెప్పాను. ఆయన చేతుల వైపు చూస్తే గోళ్ళ కింద అదే బూడిదరంగు మడ్డి ఉంది. అన్నిటికంటే ముందు ఆయనకే రక్తపరీక్ష కావాలని చెప్పి వచ్చాను. తూమును మాత్రం సిమెంటుతో మూయించాడు.

ఈ ఏడు వానలకు ఆ కుర్రవాడు నోటు పుస్తకంలో దొడ్డి పటం గీశాడు. తవ్వకుండా, చేత్తో ముట్టకుండా, నేల మీద కనిపించే ఎర్రల మట్టికుప్పలను మాత్రం లెక్కపెట్టి చుక్కలు పెట్టాడు. గోడకు దగ్గరగా ఉన్న మొదటి చుక్క ఎక్కడుందని అడిగాను. టేపు పెట్టి కొలిచి వచ్చి, "పద్నాలుగు అడుగులు మాస్టారూ" అన్నాడు.

నిరుడూ పద్నాలుగే.